పాతరలో అడుగు వాటా

మా చిన్నప్పుడు... పెరట్లో జొన్న పాతర తొక్కడం నా పని, జుబేదా పని.

పాతర అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు... మనిషి నిలువుకన్నా లోతుగా తవ్విన గొయ్యి. లోపల పిడకల మంట వేసి తడి ఆరబెట్టి, పేడతో అలికి, చుట్టూ జొన్న సొప్ప పేర్చి, గింజలు పోసి, పైన మట్టితో మూసేసేవాళ్లు. మా జహీరాబాద్ ఎర్ర మొరం నేలలో రెండేళ్లయినా పురుగు పట్టేది కాదు. సొప్ప మీద గంతులేసి అణిచేది మేమిద్దరం. అణిచేది తక్కువ, గంతులు ఎక్కువ.

జుబేదా మా పక్కింటి పిల్ల. వాళ్ల నాయన మహబూబ్ చిచ్చా ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేవాడు. కూలి కింద రైతులు జొన్నలు కొలిచేవారు. వాళ్లమ్మను చాచీ అని పిలిచేదాన్ని. మా ఇంట్లో తాత, అమ్మ, నేను. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు.

రోజులు బాగాలేవు. ప్రపంచ యుద్ధం అప్పటి నుంచే లెవీ అని సర్కారు మనుషులు గింజలు కొలుచుకుపోయేవారు... తర్వాత తర్వాత ఎవరు ఎప్పుడొచ్చి ఇల్లు గాలిస్తారో తెలియకుండా పోయింది. తాత అందుకే ఉప్పు కుండలు అటక ఎక్కించాడు. అమ్మ వంకాయలు, కాకరకాయలు కోసి వరుగులు ఎండబెట్టింది. చింతపండు ముద్దలు కట్టి కుండల్లో కుక్కింది. పొయ్యిలో నిప్పు ఆరనిచ్చేది కాదు, అగ్గిపెట్టె దొరకదని.

ఆ ఏడు రెండిళ్ల జొన్నలూ ఒకే పాతరలో పోశారు. వాళ్ల పెరడు చిన్నది, తవ్వడానికి చోటు లేదు.

"మీయి అడుగున పోద్దాం మహబూబూ," అన్నాడు తాత. "ఎవడన్న వచ్చి తవ్వినా ముందుగాల మాయే దొరుకుతయ్. నీకు ఫికర్ ఉండది."

చిచ్చా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అడుగున వాళ్ల నాలుగు బస్తాలు, మధ్యలో సొప్ప, పైన మావి. మేం తొక్కాం. తాత మట్టి కప్పాడు. ఇంక ఏమొచ్చినా బతికేస్తాం అనుకున్నాం... నిజంగానే అనుకున్నాం.

భాద్రపదంలో పెద్దరోడ్డు మీద మిలిట్రీ లారీలు వచ్చాయి. పోలీస్ యాక్షన్ అని తర్వాత తెలిసింది. నేను గోడ ఎక్కి చూశాను. తరువాత నాలుగైదు రోజులకు, చుట్టుపక్కల ఊళ్లలో ముసల్మానుల ఇళ్ల మీద పడుతున్నారని కబురు వచ్చింది. ఆ మధ్యాహ్నం చిచ్చా, చాచీ, జుబేదా మా వాకిట్లోకి వచ్చారు. చాచీ పుట్టిల్లు కోహీర్. అటు పోయే బండి ఒకటి ఉందట, అప్పటికప్పుడు బయలుదేరుతోందట.

"అక్కా, జర నాలుగు దోసిళ్ల జొన్నలన్న తీయిస్తవా? పిల్ల తోవల అడుగుతది," అంది చాచీ.

అమ్మ తాత వైపు చూసింది. పాతర మూత తీశాక పొద్దంతా అలా వదిలేయాలి. లోపలి చెడుగాలి పోకముందే దిగితే మనిషి పైకి రాడు. మొగుడంపల్లిలో ఒకతన్ని అలాగే తాళ్లేసి లాగారు, శవాన్ని.

"ఇప్పుడు తీసినా పొద్దుగూకేదాక దిగరాదు బిడ్డా," అన్నాడు తాత.

చిచ్చా తల ఊపాడు. మళ్లీ వచ్చి తీసుకుంటాలే కాకా అన్నాడు. తాత మంచిదన్నాడు.

వానలు పోయాక పాతర తెరుద్దామని మేమూ ఇంట్లో కొద్ది గింజలే ఉంచుకున్నాం. అమ్మ పిండి కుండ దించి, సగం పిండి చాచీ కొంగులో పోసింది. సగం ఉంచుకుంది. పొద్దున్నే చేసిన రొట్టెలు జుబేదా చేతికిచ్చింది. జుబేదా నా వైపు చూడలేదు. బండి వెళ్లిపోయింది.

పొద్దుగూకేదాకా ఉండండి అని మా ఇంట్లో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ఎనిమిదేళ్ల పిల్ల మాట ఎవరు వింటారు అంటారు మీరు. నిజమే. కానీ అనాలని నాకు తోచనే లేదు... అది చెబుతున్నాను.

దసరా అయ్యాక పాతర తెరిచాం. మా జొన్నలు తోడుకుని, మధ్య సొప్ప కదపకుండా మళ్లీ మూశాం. తాత కోహీర్‌కు మనిషిని పంపాడు. వాళ్లు అక్కడికి రాలేదని చాచీ వాళ్లన్న చెప్పి పంపాడు. ఇంకో మనిషిని పంపాడు. అదే జవాబు.

ఆ ఏడు యాసంగి పంట సరిగా రాలేదు. ఆషాఢం వచ్చేసరికి ఇంట్లో గింజ లేదు. రెండు రోజులు చింతచిగురు ఉడికించి తిన్నాం. మూడో రోజు అమ్మ, "అడుగుయి తీద్దామా మామా?" అంది.

తాత లేచి పార తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. "తియ్యి బిడ్డా. వస్తె నేను జెప్పుకుంట," అన్నాడు.

తీసింది. విసిరింది. రొట్టె చేసింది. ముగ్గురం కూర్చుని తిన్నాం. రుచిలో తేడా ఏమీ లేదు. నాకు ఏడుపు కూడా రాలేదు. ఇంకో రొట్టె అడిగాను.

ఎవరూ రాలేదు... తాతకు ఎవరికీ చెప్పుకునే పని పడలేదు.

ఇప్పుడు ఆ రోడ్డు మీద బస్సులూ లారీలూ క్షణం ఆగవు. మొన్న కరోనా వచ్చినప్పుడు మా మనవడు బియ్యం, పప్పు, నూనె తెచ్చి గదిలో నిలువునా పేర్చాడు. ఆర్నెల్లకు ఢోకా లేదు నానమ్మా అన్నాడు, సంతోషంగా. ఎంతమందికిరా అని అడిగాను. మనింట్లో ఐదుగురికి అన్నాడు. మంచిదన్నాను... తాత అన్నట్టే.

దాచుకోవడం గురించి అందరూ చెప్తారు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, ఆ కాలంలో వాకిట్లోంచి ఎవరిని పంపేశారో అడిగి చూడండి. చెప్తే ఇక్కడ రాయండి... నేను చదువుతాను.