ఎండకు పెట్టిన పెండ్లి పీటలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం వాసన కంటే ముందు చెక్క వాసన వచ్చేది. మాది వడ్రంగుల ఇల్లు. నెల్లికుదురుకు కోసెడు దూరంలో చిన్న ఊరు. నేను పుట్టిన ఏడాదికే మా నాయిన జ్వరంతో పోయాడట. అమ్మ పొద్దున్నే కూలికి వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. కాబట్టి నన్ను పెంచింది మా తాత, ఆయన పనిచేసుకునే కొట్టం. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నోరు ఎక్కువ, ఓపిక తక్కువ. అన్నం ఉడక్కముందే మూత తీసి చూసే రకాన్ని. ఇప్పటికీ అంతేనంటారు మా కోడళ్ళు, అననీ.

మా తాత పని గురించి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో ఊళ్ళో ఏ మంచి మాను పడినా అది దొర ఉండే గడికే. తాత వెట్టికి వెళ్ళి దాన్ని కోసి, నాలుగు వైపులా చిత్రిక పట్టి, దారం పట్టి చూసినా వంక దొరకనంత తిన్నటి పలకలతో గడికి కుర్చీలూ తలుపులూ చేసి రావాలి. దుంగ పక్కల నుంచి కోసి పారేసిన పలకలు మాత్రం మాకు మిగిలేవి. ఒక వైపు బెరడు, వంకరటింకర అంచు. వాటితోనే తాత ఊరివాళ్ళకు పీటలు, బల్లలు చేసేవాడు. బెరడు ఒలిచేవాడు కానీ దాని కింద చెట్టు అంచు ఎలా ఉంటే అలాగే ఉంచేవాడు. కొమ్మ మొలిచిన చోట బుడిపె, వంగిన చోట వంపు. ఆ అంచును బరింకాకుతో రోజుల తరబడి రుద్దేవాడు. అరచెయ్యి గీరుకుపోయేంత గరుకు ఆకు అది. ఆఖరున ఇప్పనూనె పట్టిస్తే అంచు నున్నగా మెరిసేది. ఇప్పుడు పట్నాల్లో అలాంటి బల్లలు షోకుకు కొనుక్కుని ముందు గదుల్లో వేసుకుంటున్నారు. మాకది గతిలేక పుట్టిన పని. తాత మాత్రం గతిలేనివాడిలా చేసేవాడు కాదు.

దొరల మీద తిరగబడ్డ సంఘం ఊళ్ళోకి వచ్చాక వెట్టి ఆగిపోయింది. దొర పట్నం పారిపోయాడు. అప్పుడే మొదటిసారి ఒక నిండు మాను మా కొట్టంలోకి వచ్చింది. అది పక్కింటి అక్క పెండ్లి పీటల కోసం వచ్చిన వేప మాను.

పక్కింటి అక్కకు పదహారేళ్ళుంటాయి. మా రెండిళ్ళ మధ్య నడుము ఎత్తు మట్టిగోడ. నాకు తల దువ్వాలన్నా, పేలు చూడాలన్నా, అమ్మ కొట్టినప్పుడు వెనకేసుకు రావాలన్నా ఆ గోడ దాటి అక్కే వచ్చేది. ఆమెకు మేనబావతో పెళ్ళి ఖాయమైంది. ఆయన్ని నేనూ బావా అనే పిలిచేదాన్ని. తన చెలక గట్టు మీది వేపచెట్టును తనే కొట్టి, బండి మీద వేసుకొచ్చి, తాతతో కలిసి రెండు రోజులు పెద్ద రంపం లాగాడు. పెండ్లి పీటలకు తాతది ఒక పద్ధతి. ఒకే దుంగలో పక్కపక్కనే ఉన్న రెండు పలకలు తీసేవాడు. పుస్తకం తెరిచినట్టు వాటిని విప్పి పక్కపక్కన పెడితే, ఒకదాని అంచు ఎక్కడ వంపు తిరిగిందో రెండోదాని అంచూ సరిగ్గా అక్కడే తిరిగేది. ఆలుమగలు కూర్చునే పీటలు వేరే వేరే చెట్లవి కాకూడదనేవాడు.

పచ్చి పలకతో పీట చేస్తే నాలుగు నాళ్ళకే మెలితిరుగుతుంది. అందుకని వాటిని కొట్టం నీడలో, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చాడు. కోసిన కొసలకు పేడా మన్నూ కలిపి మందంగా పూశాడు. కొసల నుంచి తడి గబగబా పోతే పలక పగులుతుందట. ఆ సంగతి నాకు వివరంగానే చెప్పాడు. నేను ఊఁ కొట్టాను, వినలేదు.

పలకలు కోసిన నెలకే బావ సంఘం దళంలో కలిసి, తుపాకి పట్టి అడవికి పోయాడు. ఎండలు మొదలైనప్పుడు ఒక మధ్యాహ్నం ఒక్కసారి వచ్చి వెళ్ళాడు. గడ్డం పెరిగి, కాళ్ళు పగిలి ఉన్నాడు. అక్క గోడ అవతల నిలబడి ఉంది. బావ చెంబెడు నీళ్ళు తాగి, చూపు మాత్రం గోడ మీదే ఉంచి తాతతో అన్నాడు, "తాతా, పీటలు ఎండినయంటె కబురు వంపు. ఆ దినమే వస్త. లగ్గం జేసుకుంట, తెల్లారి మళ్ల పోత."

"వానలు వడెదాంక ఆగాలె బిడ్డా. చెక్కను తొందర వెట్టొద్దు" అన్నాడు తాత.

ఇక ఆ రోజు నుంచి అక్కకు ప్రాణమంతా ఆ పలకల మీదే. పొద్దున లేస్తే గోడ మీద చేతులు పెట్టుకుని, "తాతా, ఎండినయా?" అని అడిగేది. తాత పలక మీద వేలితో కొట్టి, చెవి పెట్టి విని, ఇంకా లేదన్నట్టు తల అడ్డంగా ఊపేవాడు. అక్క నవ్వుతూనే వెళ్ళిపోయేది. గడ్డివాము వెనక కూర్చుని ఏడవడం నేను రెండుసార్లు చూశాను. నాకు తట్టుకోలేనంత బాధ అనిపించింది. పలకలు ఎండితే బావ వస్తాడు, బావ వస్తే అక్క ఏడవదు. ఇంత చిన్న పనికి వానల దాకా ఆగడమేమిటి, పైన నిప్పులు చెరిగే ఎండ ఉంటే? తాత ముసలాయన కదా, తోచలేదేమో అనుకున్నాను. నా తెలివి మీద నాకు అంత నమ్మకం.

తాత నాగళ్ళు చెక్కడానికి పొరుగూళ్ళకు పోయిన మూడు రోజులు, మధ్యాహ్నం పూట, పలకలను ఒక్కొక్కటే ఈడ్చుకుంటూ వెనక పెరట్లో మిట్ట ఎండలో పెట్టాను. నా కంటే బరువున్నాయవి. మోచేతులు గీరుకుపోయాయి. పైగా ఇంకో తెలివైన పని కూడా చేశాను. ఒక పలక కొసలకున్న పేడ పూతను రాయితో గీకి శుభ్రంగా తీసేశాను, చెక్కకు గాలి తగిలి ఇంకా జల్దీ ఎండుతుందని. రోజూ పొద్దుగూకి తాత ఇంటికి వచ్చే వేళకు మళ్ళీ నీడలోకి లాగేసేదాన్ని. మూడో రోజు ఆ గీకిన పలక దగ్గరే కూర్చుని ఉన్నాను. "టప్" మని చప్పుడైంది. కొస నుంచి నడిమి దాకా నా వేలు దూరేంత పగులు. ఎలాగో దాన్ని లోపలికి లాగి, పగులు గోడ వైపుకు తిప్పి పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే కబురు వచ్చింది. గార్ల వైపు అడవిలో, వాగు దాటుతుంటే బావను కాల్చేశారని. శవాన్ని కూడా ఇవ్వలేదు. అక్క వాళ్ళమ్మ వాకిట్లో పడి మట్టి మీద కొట్టుకుంటూ ఏడ్చింది. అక్క మాత్రం ఏడవలేదు. గోడ దగ్గర నిలబడి మా కొట్టం వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నా మీదే ఉన్నట్టు అనిపించి ఇంట్లో గాదె వెనక దాక్కున్నాను. మా దగ్గర పెండ్లి పీట పగిలితే ఆ ఇంట్లో ఎవరో ఒకరు పోతారని అనుకునేవాళ్ళు. అది నేనూ వినే పెరిగాను. బావను కాల్చింది ఎవరో నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా పీట పగలగొట్టింది నేనేనని.

ఆ మర్నాడు నేను లేచేసరికి తాత కొట్టంలో ఉన్నాడు. దోసిలి నిండా పచ్చి పేడ పెట్టుకుని, నేను గీకిన పలక కొసలకు మళ్ళీ పూస్తున్నాడు. పగిలిపోయిన పలకకు ఇప్పుడు పూత ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు. పూసిన పేడ మీద బూడిద చల్లి, పాత పూతలా కనిపించేదాకా అరచేత్తో అద్దాడు.

కబురు వచ్చిన మూడో రోజు అక్క వాళ్ళ చుట్టాల ముసలమ్మ ఒకావిడ కొట్టంలోకి తొంగిచూసింది. పగులు ఆమె కంటపడింది. "ఓయమ్మో, పీట పగిలిందే! పిలగాని పానం దీసింది గిదే!" అని గుండెలు బాదుకుంది. నిమిషంలో వాకిలి నిండా జనం. అక్క వాళ్ళమ్మ తాత చొక్కా పట్టుకుని ఊపేసింది. "ఏం జేసినవ్ వడ్లాయినా? నా బిడ్డ నోట్ల మన్ను గొట్టినవ్ గదయ్యా! నీ చేతులిరుగ!"

నేను గుమ్మం చాటున ఉన్నాను. నా మోచేతుల మీద గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు. తాత నా వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి, చేతులు జోడించి అన్నాడు.

"చెక్క లోపలనే పగులుండె. కోసిననాడే సూడాల్సింది, నాకు కండ్లు కనవడక సూడలే. తప్పు నాదే, తల్లీ."

వడ్రంగి నోటి వెంట అలాంటి మాట వస్తే ఇక వాడి పని అయిపోయినట్టే. అయిపోయింది కూడా. ఆ తర్వాత తాత తొమ్మిదేళ్ళు బతికాడు. ఒక్కరు కూడా ఆయనతో పెండ్లి పీటలు చేయించుకోలేదు. పెళ్ళిళ్ళ కాలం వస్తే బళ్ళ మీద మాన్లు మా వాకిలి ముందు నుంచే పొరుగూరి వడ్రంగి దగ్గరికి పోయేవి. తాత నాగలి చెక్కుకుంటూ తల ఎత్తేవాడు కాదు.

జనం వెళ్ళాక ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు. కొడతాడనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని ఆ పగులు మీద పెట్టించి, "సూడు బిడ్డా, గిది చెట్టు పెరిగినప్పటి సంది లోపలున్నదే. ఎండల వెట్టినా నీడల వెట్టినా, ఎవలు ముట్టినా ముట్టకున్నా పగిలేదే. సమజైందా?" అన్నాడు. నేను తల ఊపాను. నమ్మాను. ఎనిమిదేళ్ళ పిల్లను, తాత చెప్పాక నమ్మక ఏం చేస్తాను? గుండె మీది బండ దిగిపోయింది. సిగ్గుగా ఉంది చెప్పడానికి, ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

వానలు పడ్డాక అక్క ఒకసారి కొట్టంలోకి వచ్చింది. పగలని పలకను పీట చేసి ఇమ్మంది. వాళ్ళమ్మ వద్దని తిట్టినా వినలేదు. తాత దాని అంచును ఎన్నాళ్ళు రుద్దాడో. అక్క దాన్ని చంకలో పెట్టుకుని గోడ దాటి తీసుకుపోయింది. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. తమ్ముడి పిల్లల్ని పెంచుకుంటూ అక్కడే ఉండిపోయింది.

నన్ను లింగాల ఘనపూర్ దగ్గర వడ్రంగుల ఇంటికే ఇచ్చారు. చాలా ఏళ్ళకు ఒకనాడు మా ఆయన పనివాణ్ణి కేకలేస్తున్నాడు. లోపలి పగులైతే నడుమ పుడుతుంది, కొస దాకా రాదు. కొసన వెడల్పుగా ఉండి లోపలికి పోనుపోను సన్నబడిందంటే అది ఎండకు పగిలిందే, నువ్వు ఎండలో పెట్టావు, నాకు చెప్పకు అని. నేను పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తున్నాను. ఆ రొట్టె మాడిపోయింది. నా వేలు దూరింది కొసలోనే. తాత పచ్చి పేడ ఎందుకు పూశాడో అప్పుడు తెలిసింది. నా రాతి గీతలు కప్పడానికి. అప్పటికి ఆయన పోయి పద్నాలుగేళ్ళు. కాళ్ళ మీద పడదామంటే కాళ్ళు లేవు. ఆ రోజు ఏడ్చినట్టు నేను ఆయన పోయినప్పుడు కూడా ఏడవలేదు.

అక్కకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ధైర్యం చాలక ఏళ్ళు గడిపేశాను. చివరికి ఆమె మంచాన పడిందని తెలిసి వెళ్ళాను. ఇద్దరం ముసలివాళ్ళం అయిపోయాం. పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని చెప్పేశాను. "అక్కా, పీటను ఎండల వెట్టింది నేనే. పేడ గీకింది నేనే. తాత తప్పేం లేదు."

అక్క మంచం మీద నా వైపు ఒత్తిగిలింది.

"నాకెరికే పిల్లా" అంది. "గోడ మీదికెంచి సూసిన. మూడు దినాలు సూసిన. వద్దే అని నోటిదాంక వచ్చింది. అనలే. జల్ది ఎండితె జల్ది వస్తడని ఆశవడ్డ. నేనొక్క మాట అంటె ఆయన బతుకుతుండె."

ఇన్నేళ్ళూ! అదే పగులు పట్టుకుని ఆమె అక్కడ, నేను ఇక్కడ. నేను తాత మాటను నమ్మి కొన్నేళ్ళయినా కడుపు నిండా తిన్నాను, కంటి నిండా నిద్రపోయాను. ఆమెను దగ్గరికి పిలిచి ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఆనాడు వాకిట్లో జనంలో నిలబడి తాత మాట విన్నా, కళ్ళతో చూసింది కాబట్టి నమ్మలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"లేదక్కా. గది ఎండకు వగల్లే. లోపలి పగులే. తాత నా చెయ్యి వెట్టి సూపెట్టిండు. నడుమకెల్లి వగిలింది, కొస దాంక రానేలే. నీడల వెట్టినా వగిలేదే."

"నిజమా?" అంది.

"తాత మీద ఒట్టు" అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసింది. మసకబారిన కళ్ళు, అయినా ఏదో వెతుకుతున్నట్టే చూసింది. తర్వాత ఒక నిట్టూర్పు విడిచి జావ అడిగింది. గిన్నె నిండా తాగింది. వారం రోజులుగా ఏమీ ముట్టలేదట. ఆ నెలాఖరునే పోయింది.

నమ్మిందో, నన్ను బాధపెట్టడం ఇష్టం లేక ఊరుకుందో నాకు తెలియదు. చనిపోయినవాడి మీద అబద్ధపు ఒట్టు వేశానని ఒక్కనాడూ బాధపడలేదు. పీట పగిలితే మనిషి పోడని, తూటా తగిలితే పోతాడని ఈ వయసులో నాకు తెలియక కాదు. తెలిసినా మధ్యాహ్నపు ఎండ చూస్తే ఇప్పటికీ నా వేలు ఆ పగుల్లోనే ఉన్నట్టుంటుంది. తాత నాకు చెప్పాడు, నేను అక్కకు చెప్పాను. నాకు మళ్ళీ ఆ అబద్ధం చెప్పేవాళ్ళు మాత్రం ఇక ఎవరూ లేరు.