రెండో రికార్డు

నా దగ్గర ఒక బుర్రకథ రికార్డు ఉన్నది. అరవైల నడుమ వచ్చిన రెండు రికార్డుల సెట్టుల అది మొదటిది. కథ చిన్నదే. యుద్ధానికి పోయిన అన్న తిరిగి రాలేదని చెల్లె ఒక్కతే వెతుక్కుంట బయలుదేరుతది. అడవి దాటి ఒక పెద్ద ఏటి ఒడ్డుకు చేరుతది. ఏరు నిండుగ పారుతుంటది. బతిమిలాడంగ బతిమిలాడంగ ఒక పడవాయన ఒప్పుకుంటడు. ఆమె ఒక కాలు పడవల పెడుతది. అప్పుడు కథకుడు గొంతు తగ్గించి, పడవాయన లెక్కనే, "అమ్మా, ఎక్కే ముందు నీకొక మాట చెప్పాలి" అంటడు. పక్కన వంత పాడేటోళ్లిద్దరు "ఏం మాట? ఏం మాట?" అని అడుగుతరు. గుమ్మెట మీద ఒక్క దెబ్బ. అంతే, రికార్డు అయిపోతది.

ఎనిమిదేండ్ల కింద నాచారంల పాత సామాన్ల దుకాణంల కొన్న దాన్ని. కొన్ననాటి నుంచి రెండోదాని కోసం తిరుగుతున్న. ఆ పడవాయన ఏమన్నడో తెల్వదు. అన్న చచ్చిపోయిండని చెప్పిండా? ఆ పడవాయననే అన్ననా? బస్సుల కూసున్నా, అన్నం తింటున్నా అదే ఆలోచన.

మా ఇంటామె ఒకరోజు అన్నది, "పడవాయన ఏమన్నడో అని ఎనిమిదేండ్ల సంది తండ్లాడుతున్నవు. పొద్దున నేనేం తెమ్మన్ననో చెప్పు జర."

నాకు యాదికి రాలేదు. అల్లం తెమ్మన్నదట.

మల్లాపూర్‌ల చిన్న ఫ్యాక్టరీల నేను కొలతలు చూస్త. మెషిన్ మీదికెళ్లి వచ్చిన ప్రతి ముక్కను వెర్నియర్‌తోని కొలిచి, వెంట్రుక మందం తేడా ఉన్నా పక్కకు పెట్టుడు నా పని. అసుంటి మనిషికి ఈ పిచ్చి ఎట్ల పట్టిందో నాకే అర్థం కాదు. రికార్డుల లోకంల ఏదీ కొలతకు రాదు. కవరు మీద ఒకటుంటది, లోపల ఇంకొకటుంటది. ఎండకు అప్పడం లెక్క వంకర్లు పోయినవి, బూజు పట్టినవి, మొద్దు ముల్లుతోని అరగదీసినవి, అన్నీ నాకే దొరుకుతయి. ఉప్పల్‌ల ఒక దుకాణపాయన మంచి మంచి రికార్డులకు నడుమ రంధ్రం పెద్దగ చేసి, రంగులేసి, గోడ గడియారాలు చేసి అమ్ముతున్నడు. "ఇప్పుడు గిదే ఫ్యాషన్ అన్నా" అన్నడు నవ్వుకుంట. ఒక గడియారం అరవై అయిదు నాటి రికార్డు. లేబుల్ మీద పన్నెండు అంకె అంటించిండు. నేను ఆయనతోని కొట్లాడి వచ్చిన. కొట్లాడి లాభమేంది? ఆ గడియారం మర్నాడే అమ్ముడు పోయింది.

అయినా అరవై నాలుగు నుంచి అరవై ఆరు దాకా వచ్చిన రికార్డులంటే నాకు పాణం. అప్పట్ల అందరు ఒక్క గదిల కూసొని, ఒక్కసారే పాడేటోళ్లు. చెవి పెట్టి వింటే పాట నడుమ ఊపిరి పీల్చుకున్న చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు వినబడుతయి. మనుషులు పక్కనే ఉన్నట్టుంటది.

మొన్న ఎండకాలంల, మాతోని లేత్ మీద పని చేసే అన్న ఒకాయన చెప్పిండు. "మా ఉప్పల్ చర్చిల ఒక పెద్దమ్మ ఉన్నది. నర్సుగ చేసి రిటైరైంది. నువ్వు వెతికే అసుంటి పాత పాటల ప్లేట్లు ఆమె తాన ఒక డబ్బెడు ఉన్నయట."

ఆ ఆదివారమే పోయిన. ప్రార్థన అయ్యేదాకా గేటు కాడ నిలబడ్డ. తెల్ల చీర, చేతిల బైబిలు సంచి, సన్నగ ఉన్నది. ఎనభై దాటి ఉంటయి. వందనాలు పెట్టి సంగతి చెప్పిన.

"బుర్రకథనా? ఏరుంటది, పడవుంటది, గదేనా?" అన్నది.

"గదే అమ్మా! రెండు రికార్డులున్నయా?"

"మొదటిది నర్సుల హాస్టల్‌ల ఉన్నప్పుడు ఎవరో వింటమని తీస్కపోయి మళ్ల ఇయ్యలే. రెండోది ఉన్నది. సజ్జ మీద ఉన్నది డబ్బ. మల్ల వారం రా బిడ్డా."

మల్ల వారం పోతే, ఎక్కి దించేటోళ్లు లేరన్నది. నేనెక్కుత అన్న. "ఇంటికొచ్చిన మనిషిని సజ్జ ఎక్కిస్తనా? మీద కిరాయికున్నాయనకు చెప్త" అన్నది. ఆ తర్వాత వారం ఆయన ఊరికి పోయిండు. ఇంకో వారం ఆమెకు బీపీ పెరిగి దవాఖానల ఉన్నది. ఒకదాని ఎనక ఒకటి. నేను ఫోన్ల మీద ఫోన్లు చేసిన. "అమ్మా, దించిన్రా?" "అమ్మా, ఇయ్యాల దించుతరా?" ఇప్పుడు తల్సుకుంటే సిగ్గయితది. అప్పుడు మాత్రం ఒక్కటే కోపం. ఎనిమిదేండ్లు ఆగినోన్ని, ఆ నాలుగు వారాలు ఆగలేకపోయిన.

చివరికి దించిన్రు. పోయేసరికి టేబుల్ మీద పెట్టి ఉంచింది. కవరు ఎలిసిపోయింది గని బొమ్మ తెలుస్తున్నది. మెల్లగ బయటికి తీసిన. లేబుల్ మీద "రెండవ రికార్డు" అని ఉన్నది. తిప్పి చూస్తుంటే బొటనవేలికి అంచు కాడ ఏదో కోసుకపోయినట్టు తగిలింది. గోరంత ముక్క విరిగిపోయి ఉన్నది. విరిగిన చోట నల్లగ తళతళ మెరుస్తున్నది. పాతది కాదు, కొత్తగ విరిగింది.

"ఇదెప్పుడైంది అమ్మా?"

"మొన్న సజ్జ మీదికెళ్లి దించుతుంటే ఆ కిరాయాయన చేతులకెళ్లి జారింది. పాపం, డ్యూటీకి టైమైతుందంటే నేనే తొందర పెట్టిన. నువ్వు రోజూ ఫోన్లు చేస్తివి గద."

అరవై ఏండ్లు చెక్కుచెదరకుండ ఉన్నది. నేను అడిగినందుకు విరిగింది.

రికార్డు అంచు నుంచే మొదలైతది. విరిగింది మొదలే. జేబుల ఉన్న వెర్నియర్ తీసి కొలిచిన, పదకొండు మిల్లీమీటర్లు. నిమిషమో, నిమిషమున్నరో పోయి ఉంటది. కని ప్రతి పక్క మొదట్ల కథకులు తందాన పాడుతరు గద, పోయింది అదే కావచ్చు, పడవాయన మాట మిగిలే ఉంటదేమో అని ఆశ. ఆమెను అడుగుదామనుకొని కూడ అడగలే. కథకుని నోట్లకెళ్లే వినాలని మొండితనం.

"అమ్మా, ఇది నాకు అమ్ముతరా?"

"అమ్మేది లేదు. నీ మిషను తెచ్చుకొని ఈన్నే విను."

తర్వాతి ఆదివారం ప్లేయరును దుప్పట్ల చుట్టి, ఆటోల ఒడిల పెట్టుకొని పోయిన. ముల్లుండే చెయ్యిని దారంతోని కట్టాలె. అది మర్చిపోయిన. ఉప్పల్ కాడ తవ్వి పెట్టిన రోడ్డు మీద ఆటో ఒక గుంతల పడి లేచింది. ఆమె ఇంట్ల దుప్పటి విప్పి చూస్తే ముల్లు విరిగి వేలాడుతున్నది. ఎవరిని తిట్టాలె? మెషిన్లకు కొలతలు చూసేటోన్ని, దారం పోగు కట్టుడు చేతకాలే. ఆమె చాయ్ ఇచ్చింది. వేడి వేడి చాయ్ గుటగుట తాగి, నాలుక కాల్చుకొని, తిరిగొచ్చిన.

ఆ రకం ముల్లు దొరకనీకి ఇంకో మూడు వారాలు పట్టింది.

ఆఖరుకు అన్నీ కుదిరినయి. రికార్డు పెట్టి, విరిగిన అంచు దాటినంక మొదటి గీతల ముల్లు దించిన. చిటపట చప్పుడు. గుమ్మెట మోగింది. కథకుడు ఎత్తుకున్నడు. చెల్లె అవతలి ఒడ్డు మీద నిలబడి చీర కొంగు పిండుకుంటున్నది.

పడవ దాటిపోయింది. మాట పోయింది.

ముల్లు లేపిన. మల్ల పెట్టిన. మల్లా కొంగు పిండుడే. మూడోసారి పెట్టబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకున్నది. "ఏమైంది బిడ్డా? గట్ల చెమటలు పడుతున్నయి?"

అప్పుడు అడిగిన. "అమ్మా, పడవాయన ఏం చెప్పిండు?"

ఆమె కండ్లు మూసుకున్నది. టేబుల్ మీద వేళ్లతోని దరువేసింది. కథకుని రాగంలనే చెప్పింది, "అమ్మా, పడవకు చిల్లి ఉన్నది. నేను తెడ్డేస్త, నువ్వు నీళ్లు తోడిపొయ్యి."

"గంతేనా?"

నా నోట్లకెళ్లి అట్ల వచ్చింది. ఎనిమిదేండ్లు నేను ఏమేమో అనుకున్న. చావు అనుకున్న, శాపం అనుకున్న. చిల్లి అట!

ఆమెకు కోపమొచ్చింది. "గంతేనా అంటవేంది? ఏం కాదు ఎక్కు అని అబద్ధం చెప్పలేడా? ఉన్నమాట చెప్పిండు. ఆ పిల్ల అంతా ఇని, చిల్లి పడవనే ఎక్కింది. మేం హాస్టల్‌ల ఆ మాట కాడ చప్పట్లు కొట్టేటోళ్లం."

నా కోపం తగ్గలే. ఆమె చెప్పింది నిజమే కావచ్చు. కని అరవై ఏండ్ల కింది మాట, ఆమెకు సరిగ్గ యాదికున్నదో లేదో ఎవరికెరుక? కథకుడు ఆ మాట ఎట్ల అన్నడో, నవ్వుకుంట అన్నడో, భయపెట్టుకుంట అన్నడో, నాకు ఎన్నటికీ తెల్వదు.

మిగిలిన కథంతా విన్నం. అన్న దొరికిండు. బాగనే ఉన్నది.

పోయేటప్పుడు ఇంకోసారి అడిగిన, "నా తాన మొదటిదున్నది. రెండు ఒక్క తాన ఉంటే మంచిగుంటది గద అమ్మా?"

"అవ్ బిడ్డా, మంచిగుంటది. నీది తెచ్చి నాకియ్యి" అన్నది.

నేనియ్యలే. ఆమె కూడ ఇయ్యలే. ఒకటి నాచారంల మా ఇంట్ల, ఒకటి ఉప్పల్‌ల ఉన్నయి.

పోయిన ఆదివారం మొదటి రికార్డు వింటనని పెద్దమ్మ అడిగితే తీస్కపోయిన. ఈసారి ముల్లు చెయ్యిని మూడు పేటల దారంతోని కట్టిన. అన్నను వెతుక్కుంట చెల్లె అడవిల నడుస్తుండంగనే పెద్దమ్మకు కునుకు పట్టింది, చిన్నగ గురక గూడ పెడుతున్నది. ఆమె కోసం అంత దూరం మోసుకొస్తే గిదా అని చికాకనిపించి, ముల్లు లేపి పక్కకు పెట్టిన.

వెంటనే కండ్లు తెరిచింది. "ఎందుకు ఆపినవ్? నేను ఇంటున్న గద. మొదటికెళ్లి పెట్టు."

మల్ల మొదటికెళ్లి పెట్టిన.