ఇంజను వేడెక్కేదాకా

మంచుదేశంలో అల్దాన్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో, నది గడ్డకట్టే చలికాలం వస్తే ఎవరూ బండి ఆపరు. పాత బొంత కప్పుకుని వాకిట్లో ఇంజను రేయింబవళ్ళు గురగురలాడుతూనే ఉంటుంది. ఒకసారి ఆపారంటే చలికి బిగుసుకుపోయి, మళ్ళీ కదిలించేసరికి తలప్రాణం తోకకొస్తుంది.

అకులీనా మొగుడు యెగోర్‌కి ఆ ఓపిక లేదు. ఊరి ఆసుపత్రి వ్యాను నడిపేవాడు. ఒక డిసెంబరులో ఏదో రిపేరుకని ఇంజను ఆపి, పొద్దున్నే సరిగా వేడెక్కకుండానే బయల్దేరాడు.

"దార్లో అదే వేడెక్కుతుందిలేవే" అన్నాడు.

గడ్డకట్టిన నది మీద సగం దూరం పోయాక, చలికి పెళుసెక్కిన బెల్టు తెగింది. ఇంజను ఆగింది. నడిచి ఇంటికొద్దామనుకున్నాడు. మర్నాడు గుర్రాల కాపరులకి కనిపించాడు, ఒడ్డుకు ఆనుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే గడ్డకట్టిపోయి.

ఆ వ్యాను తోలడానికి ఎవరూ ముందుకు రాలేదు. బడిలో వంటచేసే అకులీనాయే వచ్చింది. పెళ్ళికి ముందు పొలాల్లో ట్రాక్టరు నడిపిన చెయ్యి ఆమెది. ఇంజను ఒళ్ళంతా వెచ్చబడితేగానీ గేరు మీద చెయ్యి వేసేది కాదు. "అకులీనా బండెక్కడం కంటే నడిచిపోతే ముందు చేరతాం" అని కొట్టు దగ్గర నవ్వుకునేవాళ్ళు. ఆమె కూడా నవ్వేసేది.

కొన్నేళ్ళకి ఒక జనవరిలో ఊరికి డీజిలు తెచ్చే ట్యాంకరు రాలేదు. ఎదురెళ్ళి తెస్తామని బళ్ళున్న మగాళ్ళందరూ వెళ్ళారు. ఆసుపత్రి నర్సమ్మ జినైదా వ్యాను ఆపేయమంది.

"ఆపితే అవసరానికి లేవదమ్మా."

"ఉన్న డీజిలు బాయిలరుకే చాలదు. రోగుల గది వెచ్చగా ఉండాలా, నీ బండి వెచ్చగా ఉండాలా? నువ్వే చెప్పు."

అకులీనా తాళం తిప్పి ఇంజను ఆపేసింది.

రెండ్రోజులకి, మధ్యాహ్నం వేళ, ఊళ్ళోని ఫ్యోక్లా పరుగున వచ్చింది. ఆమె కోడలు సర్దానాకి తొలికాన్పు. నెలలు నిండకుండానే నొప్పులొచ్చి నెత్తురు ఆగడం లేదు. పొగమంచులో దిగలేమని హెలికాప్టరు వాళ్ళు చెప్పేశారు. నది దాటి పెద్దాసుపత్రికి చేర్చడం ఒక్కటే దారి.

అకులీనా వ్యాను కిందికి దూరి, మంట చిమ్మే బ్లోలాంపుతో ఇంజనుకి సెగ పెట్టింది. లోపలి ఆయిలు మైనంలా బిగుసుకుంది. చాలాసేపటికి ఇంజను దగ్గి, స్టార్టయింది. ఈలోగా సర్దానాని బొంతల్లో చుట్టి వెనక పడుకోబెట్టారు.

"ఇంక కదులు వదినా" అంది ఫ్యోక్లా.

క్లచ్చు వదలబోతే ఇంజను మూలిగింది. చలికి గేర్లు ఇంకా పట్టేసే ఉన్నాయి. అకులీనా దిగి, ఈసారి గేర్ల కింద మంట పెట్టింది.

"ఇంజను ఆడుతోంది కదే, ఇంకేం కావాలి నీకు?"

"ఇలా లాగితే నది మధ్యలో ఆగిపోతాం. అప్పుడు తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరు."

"నీ మొగుడు ఆగిపోయాడని నా కోడల్ని ఇక్కడే చంపుతావా?"

ఫ్యోక్లా ఆమె వీపు మీద గుద్దింది, ఏడుస్తూ మళ్ళీ గుద్దింది. అకులీనా మంట కదపలేదు. ఈ ఆగడం తెలివో, యెగోర్ చావు పెట్టిన భయమో ఆమెకే తెలియలేదు.

గేరు మెత్తగా పడ్డాక బయల్దేరింది. దారిలో ఎక్కడా ఆగలేదు. తల్లి బతికింది. మగబిడ్డ దక్కలేదు.

పెద్దాసుపత్రి వరండాలో డాక్టరు ఎదురైతే అకులీనా అడిగింది: "కాస్త ముందొస్తే?"

"చెప్పలేను" అన్నాడాయన. ఆ మాట ఆమెను చాలాకాలం నిద్రపోనివ్వలేదు.

ఫ్యోక్లా మాత్రం చెప్పగలిగింది. మొగుడిలా చస్తానని భయపడి తన మనవణ్ణి పొట్టన పెట్టుకుందని ఊరంతా చెప్పింది. అకులీనా కొట్లోకి వస్తే మాటలు ఆగిపోయేవి. వేళాకోళాలూ ఆగిపోయాయి. ఆమె పని మాత్రం మానలేదు. మానితే ఆ బండికి దిక్కులేదు.

నది కరిగి పడవలు మొదలయ్యాక, ఒకరోజు సర్దానా చిన్న సంచితో వ్యానెక్కింది. గనుల్లో పనికెళ్ళిన మొగుడు బిడ్డ పోయినప్పుడు కూడా రాలేదు. పుట్టింటికి పోతున్నానంది.

రేవు దగ్గర దిగబోతూ సర్దానా అడిగింది: "పిన్నీ, ఆ రోజు వెంటనే బయల్దేరుంటే వాడు బతికేవాడా?"

"తెలీదమ్మా. బతికేవాడేమో."

సర్దానా ఆమె మొహంలోకి చూసింది. "బతికేవాడు కాదని చెప్తావనుకున్నా" అంది.

సంచి తీసుకుని రేవు మెట్లు దిగింది. పడవ కదిలేదాకా అకులీనా అక్కడే నిలబడింది. సర్దానా వెనక్కి తిరగలేదు.