బ్రూక్షాబాద్ గదికి ఒక షరతు

మా నాన్న హార్బరులో బోటు నడిపే సరంగు. హోప్ టౌన్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చుంటే నీళ్లకి అవతల పోర్ట్ బ్లెయిర్ మొత్తం కనిపిస్తుంది. అందుకే కాలేజీ రెండో ఏడాదిలో "అవతల గది తీసుకుంటాను నాన్నా" అన్నప్పుడు ఆయన టీ గ్లాసు కింద పెట్టి, ఊరిని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు.

"కళ్ల ముందున్న ఊళ్లో అద్దె గది ఏటమ్మా? నా బోటు ఉంది కదా."

"నీ బోటుతో పాటు గాలీ వానా కూడా ఉన్నాయి కదా నాన్నా."

కాలేజీకి వెళ్లాలంటే జెట్టీ దాకా బస్సు, బోటులో చాథం, అక్కడ మళ్లీ ఇంకో బస్సు. మేలో పట్టుకున్న వాన ఒక పట్టాన వదలదు. గాలి ముదిరిన రోజు బోటు కదలదు, బోటు కదలని రోజు నా జువాలజీ ల్యాబు పోతుంది. ఆ ఏడాది నేను కోసిన కప్పలకన్నా నా చేతుల్లోంచి తప్పించుకున్న కప్పలే ఎక్కువ. అమ్మ నా పక్షాన నిలబడింది. ఆదివారం ఆరాధనకి తప్పకుండా ఇంటికి రావాలన్న ఒప్పందం మీద నాన్న ఊ అన్నాడు.

నాతో గది పంచుకోవడానికి ఇద్దరు క్లాసు పిల్లలు సిద్ధంగా ఉన్నారు. ఒకమ్మాయి డిగ్లీపూర్ నుంచి వచ్చిన బెంగాలీ పిల్ల. ఏ విషయమైనా అరిచి తేల్చుకునే రకం. రెండో అమ్మాయి తాతముత్తాతలు రాంచీ వైపు వాళ్లు, నాన్న బారాటాంగ్‌లో ఫారెస్టు పని. ఈమె మాట్లాడదు, కొలుస్తుంది. గదిలోకి అడుగు పెట్టగానే కిటికీ నుంచి తలుపు దాకా అడుగులు లెక్కపెట్టి, గోడ మీద చెమ్మ ఎంత ఎత్తు ఎక్కిందో వేలు పెట్టి చూసేది. ఇద్దరూ చుట్టాల ఇళ్లలో సర్దుకుని సర్దుకుని విసిగిపోయి ఉన్నారు. ముగ్గురం కలిస్తే మాట్లాడుకునేది హిందీయే.

రెండు వారాలు తిరిగాక రెండు ఇళ్లు మిగిలాయి.

మొదటిది ప్రోతరాపూర్‌లో. పక్కా స్లాబు ఇల్లు, బస్సు గుమ్మం ముందే ఆగుతుంది. కిటికీ పెద్దది, గదిలో మూడు మంచాలు పట్టి ఇంకా నడవడానికి చోటుంది. కుళాయి కూడా ఉంది, కాకపోతే నీళ్లు మూడు రోజులకోసారి అరగంట వస్తాయి. యజమాని ఆఫీసులో రిటైరైన పెద్దమనిషి. చేతులు కట్టుకుని మర్యాదగా అన్నీ చూపించి, చివర్లో నెమ్మదిగా అన్నాడు. "ఒక్క విషయం బేటా. ఇంట్లో మచ్లీ వండకూడదు."

బెంగాలీ పిల్ల మొహం చూడాలి. "గుడ్డు?"

"గుడ్డు కూడా వద్దు."

"బయట తిని వస్తే?"

ఆయన కాస్త ఆలోచించి, "చేతులు కడుక్కుని రావాలి" అన్నాడు.

"మూడు రోజులకోసారి వచ్చే నీళ్లతోనా?" అని గేటు దాటాక ఆమె రోడ్డంతా వినబడేలా అడిగింది.

రెండోది బ్రూక్షాబాద్‌లో. బస్సు దిగి ఏటవాలు దారిలో పైకి ఎక్కాలి. వానాకాలం ఆ దారిలో జలగలు ఉంటాయని పక్కింటివాళ్లే చెప్పారు. రేకుల కప్పు, చెక్క గోడలు, మరుగుదొడ్డి బయట. గది చిన్నది. రాంచీ పిల్ల తొమ్మిది అడుగులకే గోడకి తగిలింది. కానీ పెరట్లో బావి ఉంది. తొంగిచూస్తే నీళ్లలో మా మూడు మొహాలూ దగ్గరగా కనిపించాయి.

ఆ ఇంటి మామ్మగారు మా తెలుగువాళ్లే. పెళ్లయిన కొత్తలో భీమిలి పక్కనుంచి భర్తతో ఓడెక్కి వచ్చింది. భర్త రోడ్ల పని చేయించే మేస్త్రీ, పోయి మూడేళ్లయింది. పిల్లల్లేరు. మిగతా ఇద్దరినీ వదిలేసి నన్నే కూర్చోబెట్టి అడిగింది.

"ఎవరి పిల్లవు? మీ తాతది ఏ ఊరు? ఏ చర్చికి వెళ్తారు?"

చెప్పాను.

"తెలుగు చదవడం వచ్చా?"

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. నేను చదివింది హిందీ మీడియం. తెలుగు అక్షరాలు సండే స్కూల్లో దిద్దాను గానీ అక్కడితో సరి. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకునేదాన్ని, పాటలన్నీ నోటికి వచ్చు కాబట్టి పుస్తకం తలకిందులుగా ఉన్నా నా పాట ఆగేది కాదు. అయినా, అంత నీళ్లున్న బావి చూశాక రాదని ఎలా చెప్పను?

"వచ్చు మామ్మా."

ఆమె లోపలికి వెళ్లి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. నిండా ఉత్తరాలు. ఊళ్లో ఉన్న చెల్లెలు అక్కడి పోస్టుమాస్టరు చేత రాయించి పంపినవి. తనకి చదువు రాదు, భర్త చదివి పెట్టేవాడు. ఆయన పోయాక చర్చిలో ఒక టీచరమ్మ చదివేది, ఆమెకి కార్ నికోబార్ బదిలీ అయింది. ఇప్పటికి రెండేళ్లుగా ఉత్తరాలు విప్పకుండానే ఉన్నాయి.

"పాస్టరుగారు చదవరా మామ్మా?"

"చదువుతారు. మా చెల్లి ప్రతి ఉత్తరంలోనూ నా ఆడపడుచుల్ని తిడతాది. పాస్టరుగారి నోటంట ఆ తిట్లు చదివించుకుంటే బావుంటాదా?" అని డబ్బా మూత పెట్టింది. "చదివి పెట్టే పిల్లకే గది. ఆలోచించుకుని రండి."

బస్టాపు పక్క కొట్లో సమోసాలు తింటూ ఆలోచించుకున్నాం. రాంచీ పిల్ల నోట్సు వెనక పేజీలో గీత గీసి ఒకవైపు ప్రోతరాపూర్, ఒకవైపు బ్రూక్షాబాద్ రాసింది. ప్రోతరాపూర్ కింద స్లాబు, బస్సు, కిటికీ, మూడు మంచాలు. బ్రూక్షాబాద్ కింద బావి. అంతే.

"మచ్లీ రాయి" అంది బెంగాలీ పిల్ల. "పెద్దగా రాయి."

"జలగలు కూడా రాస్తాను."

"జలగ రోజూ పట్టుకోదు. చేప రోజూ కావాలి."

నేను ఏ పక్కకీ మొగ్గకుండా సమోసా నములుతున్నాను. బావి కావాలి, ఉత్తరాలు వద్దు. చివరికి తేల్చింది రాంచీ పిల్లే. వాళ్ల బాబాయి ఇంట్లో కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడడం ఆమె పని. ఆ ఏడాది అలా నిలబడి రెండు పరీక్షలకి ఆలస్యంగా వెళ్లింది. కలం మూసి, "స్లాబు తాగలేం కదా" అంది. "పైగా ఇంకో షరతు ఏముంది, చదవడమేగా? దీదీకి తెలుగు వస్తుంది." కొన్ని నెలలు పెద్దదాన్నని నన్ను దీదీ అనేది. ఆ నమ్మకానికి నా గొంతులో సమోసా అడ్డం పడింది.

మరుసటి వారమే సామాన్లు చేర్చాం. మూడో రోజు సాయంత్రం నాలుగింటికి, రేకుల మీద వాన దంచుతుండగా, మామ్మగారు టీ ఇచ్చి నా ఎదురుగా పీట వేసుకుంది. డబ్బాలోంచి ఒక ఇన్‌లాండు కవరు తీసి చింపి ఇచ్చింది.

నీలం కాగితం మీద చీమలు బారులు తీరినట్టున్నాయి అక్షరాలు. ఒకదాన్నొకటి పట్టుకుని, గుండ్రంగా, ఎక్కడా వదలకుండా. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"అక్కకి... ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను."

ఏ ఉత్తరమైనా అలాగే మొదలవుతుంది కదా. మామ్మగారు తృప్తిగా తలాడించింది. ఇక ముందుకు వెళ్లాలి.

"వానలు బాగా పడ్డాయి. మన... మన ఆవు ఈనింది."

"ఆవా?"

"ఆవే మామ్మా."

"ఇసకలో కట్టిన ఇంట్లో ఆవేటి?"

"కొత్తగా కొన్నట్టున్నారు."

"ఓహో. పాలు బాగా ఇస్తందట?"

"నాలుగు లీటర్లట."

"మంచిదే." ఆమె టీ ఒక గుక్క తాగింది. "మరి నా ఆడపడుచుల గురించి ఏటంది?"

కాగితం అటూ ఇటూ తిప్పాను. "ఏమీ అనలేదు మామ్మా."

"అయితే అది మా చెల్లి ఉత్తరం కాదు" అని గ్లాసు కింద పెట్టింది.

తలుపు దగ్గర నిలబడి ఉన్న నా స్నేహితురాళ్లకి భాష అర్థం కాకపోయినా సంగతి అర్థమైపోయింది. బెంగాలీ పిల్ల మా చాపల వైపు ఒకసారి చూసింది, మళ్లీ చుట్టాల ఇళ్లకేనా అన్నట్టు. నిజం చెప్పేశాను. అబద్ధం చెప్పినందుకు కాదు, చదువురాని మనిషి ముందు చదువుకున్నట్టు నటించినందుకు సిగ్గేసింది.

మామ్మగారు కాగితం నా చేతిలోంచి తీసుకుని, తిప్పి చూసి, మళ్లీ నాకే ఇచ్చింది. "అక్షరాలు అసలే రావా?"

"ఒక్కొక్కటీ వస్తే గుర్తుపడతాను. గుంపుగా వస్తే కష్టం."

"నాకు ఒక్కటీ రాదు. ఒక్కొక్కటే చదువు. తొందరేటి? రెండేళ్లు డబ్బాలో ఉన్నాయి, ఇంకో వారానికి పాచిపోవు."

అలా మొదలైంది. రోజూ కాలేజీ నుంచి రాగానే రెండు లైన్లు, మహా అయితే మూడు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని పలికితే, ఆమె వాటిని చెవితో పట్టుకుని మాట చేసేది. చెల్లెలు ఎలా మాట్లాడుతుందో ఆమెకి తెలుసు, అక్షరాలు ఎలా ఉంటాయో నాకు కొంచెం తెలుసు. నేను "మీ... పె... ద్దా... డ..." అనేలోపు ఆమె "పెద్దాడపడుచు! అదీ, ఇప్పుడొచ్చింది మా చెల్లి!" అని పీట ముందుకు జరుపుకునేది. ఆ తిట్లు చదవడానికి నేను నేర్చుకున్న ఒత్తులు ఏ బళ్లోనూ నేర్పరు.

ఒక రోజు, బాగా చదువుతున్నానన్న ధీమాతో, గట్టిగా చదివాను. "మా చిన్నదానికి పిల్లి కుదిరింది."

"పిల్లేటి?"

"పిల్లే మామ్మా. వచ్చే నెల పదో తారీకున పిల్లి."

ఆమె నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ "పెళ్లే తల్లీ, పెళ్లి!" అంది. నేను హిందీలో చెప్పాక నా స్నేహితురాళ్లు కూడా నవ్వారు. అందరం నవ్వడం అయిపోయాక మామ్మగారు మెల్లగా అడిగింది. "ఎప్పటి ఉత్తరం అది?"

పోస్టాఫీసు ముద్ర చూశాను. ఏడాదిన్నర అయింది.

ఆమె లేచి కోళ్లకి గింజలు వెయ్యడానికి వెళ్లింది. అప్పటికే వేసేసింది, మళ్లీ వేసింది.

తర్వాతి ఉత్తరాలు చిన్నవైపోయాయి. అన్నిటికన్నా చివర వచ్చినది నాలుగే లైన్లు. అది చదివేసరికి నాకు కూడబలుక్కోవాల్సిన అవసరం పెద్దగా రాలేదు. పెళ్లికి రాలేదు, ఒక ముక్కైనా రాయలేదు, నా వల్ల తప్పేమైనా జరిగిందా అక్కా, అని ఉంది. ఆ తర్వాత ఇక ఉత్తరాల్లేవు.

"అలిగాననుకుంది" అంది మామ్మగారు. "కాగితం తే. ఇప్పుడే రాయి."

చదవడమే అంతంతమాత్రం, ఇక రాయడం. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆమె చెప్తుంటే నేను నాలుక కొరుక్కుంటూ అక్షరాలు చెక్కాను. రాంచీ పిల్ల లైన్లు వంకర పోకుండా స్కేలు పెట్టి పెన్సిలు గీతలు కొట్టింది. బెంగాలీ పిల్ల వానలో గొడుగేసుకుని వెళ్లి పోస్టు చేసి వచ్చింది.

జవాబు రాలేదు. నెల గడిచింది, రెండు నెలలు. మామ్మగారు అడగడం మానేసింది. నేను నా రాత బాగాలేకపోవడం వల్లనేమోనని లోపల్లోపల కుములుతున్నాను. క్రిస్మసుకి వారం ముందు టెలిగ్రాం వచ్చింది, ఇంగ్లీషులో కాబట్టి టకీమని చదివేశాను. విశాఖ ఓడలో చెల్లెలు వస్తోంది.

నలుగురం హడ్డో జెట్టీకి వెళ్లాం. మామ్మగారు ఓడ ఆగకముందే చెయ్యి ఊపడం మొదలుపెట్టింది, ఎవరికో తనకే తెలియదు. మెట్ల మీద గంపతో దిగుతున్న సన్నటి మనిషి ఒకామె, నేల మీద కాలు పెట్టగానే అక్క భుజాలు పట్టుకుని పైనుంచి కిందికి తడిమి చూసింది.

"బాగానే ఉన్నావేటే! అంత కష్టం ఏటొచ్చింది నీకు?"

"నాకు కష్టమేటి?"

"మరి ఎలా ఉన్నా రమ్మని రాయించావేటి? పోస్టుమాస్టరు చదివి, అమ్మా, వెంటనే బయల్దేరు అన్నాడు. ఓడ టికెట్టు దొరకడానికే ఇన్నాళ్లు పట్టింది."

బొడ్లోంచి మడతలు నలిగిన ఉత్తరం తీసింది. నా ఉత్తరమే. చెల్లెల్ని ఎలా ఉన్నారో అడగమని మామ్మగారు చెప్తే, పెద్దవాళ్లకి రాస్తున్నాను కదా అని మర్యాదకి 'అండి' నేనే తగిలించాను. రాసేటప్పుడు చెయ్యి ఎక్కడో ఎత్తి మళ్లీ పెట్టినట్టున్నాను. 'మీరంతా ఎలా ఉన్నారండి' అన్నది కాగితం మీద 'ఎలా ఉన్నా రండి' అయి కూర్చుంది.

మామ్మగారు నా నెత్తి మీద ఒక్కటి వేసింది. ఆ తర్వాత అదే చేత్తో తల నిమిరింది. చెల్లెలికి సంగతి తెలిశాక గంపలోంచి నెత్తళ్ల ఎండుచేపల పొట్లం తీసి నా చేతిలో పెట్టి, "ఇంకెప్పుడూ సరిగ్గా రాయకే అమ్మా" అంది.

ఆమె రెండు నెలలు ఉంది. గదిలో ఉన్న ఒక్క మంచం ఆమెకి ఇచ్చి ముగ్గురం చాపల మీదికి దిగాం. అక్కాచెల్లెళ్లు రెండో రోజుకే పులుసులో చింతపండు దగ్గర దెబ్బలాడుకున్నారు, మూడో రోజుకి కలిసి ఆడపడుచుల మీద పడ్డారు. ఫిబ్రవరిలో ఆమె వెళ్తుంటే మామ్మగారు కూడా బయల్దేరింది. పెళ్లయి వచ్చాక తిరిగి పుట్టింటి వైపు వెళ్లడం అదే మొదటిసారి. ఇంటి తాళాలు మాకిచ్చి, ఓడ రేలింగు పట్టుకుని, బావి తాడు రాత్రిపూట లోపల పెట్టమని, గోధుమరంగు పెట్ట పొదుగుతోంది దాన్ని కదపొద్దని, ఓడ కూత మధ్య అరుస్తూనే ఉంది. కింద మేం ముగ్గురం అన్నిటికీ "ఠీక్ హై మామ్మా" అని అరిచాం.

మూడు వారాలకి పోస్టుమాన్ ఒక కవరు తెచ్చాడు. మామ్మగారు రాయించింది, పైన తెలుగులో నా పేరు. నా పేరు మీద తెలుగులో వచ్చిన మొదటి ఉత్తరం అది. బావి గట్టు మీద కూర్చుని, మిగతా ఇద్దరికీ హిందీలో చెప్తూ, మొత్తం ఒక్క బిగిన చదివాను. చిన్నదాని కూతురికి నడక వచ్చిందట. సముద్రం ఇక్కడిలా లేదట, ఎప్పుడూ గోలేనట. పెట్ట ఎన్ని పిల్లల్ని చేసిందో రాయమంది.