వదినె కత్తిరించి పోయిన ముక్కలు

మా పక్కింటి వదినె పోయింది. పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే గోడ అవతలి నుంచి ఆమె కోడలు, "అత్తమ్మా, జర జల్ది రాండ్రి. మా అత్త పలుకుతలేదు" అని పిలిచింది. చీపురు చేతిలో ఉండగానే ఉరికాను. వదినె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భుజం పట్టి కదిపాను. "వదినె, జావ తాగుతవా?" అని అడిగాను. అప్పటికే ఒళ్లు చల్లబడింది. చేతికి తెలుస్తూనే ఉంది, అయినా అడిగాను.

వరుసకు నేనూ ఆమెను వదినె అనే పిలిచేదాన్ని, ఆమె కూడా నన్ను వదినె అనేది. చుట్టరికం ఏమీ లేదు. వరంగల్‌లో మా గల్లీకి ఇద్దరం కొత్త కోడళ్లుగా వచ్చినప్పుడు కలిసిన వరుస అది. ఎవరు పెద్దో, ఎవరు చిన్నో చివరిదాకా తేలలేదు.

ఆమె భర్త బజారులో బట్టల దుకాణంలో పనిచేసేవాడు. థాను చివర మిగిలిన ముక్కలు, ఎవరూ కొనని కురచ ముక్కలు ఇంటికి తెచ్చేవాడు. ఆయన పోయాక వదినె తనే దర్జీ దుకాణాలకు పోయి అడిగి తెచ్చుకునేది. జాకెట్టు కుట్టగా మిగిలింది, లంగా కుట్టగా మిగిలింది, అన్నీ ఒక గోనెసంచిలో. వాటితో పెద్ద పెద్ద బట్టలేం కుట్టలేదు. దిండు గలీబులు, ఆడపిల్లలకు లోపలి లంగాలు, ఎక్కువగా చంటిపిల్లల అంగీలు. మా గల్లీలో పుట్టిన పిల్లలందరి ఒంటి మీదికి ముందు వచ్చింది వదినె అంగీయే. నా పిల్లలు, ఆ పిల్లల పిల్లలు కూడా అంతే.

ముక్క తెచ్చిన వెంటనే కత్తెర పెట్టేది కాదు. గంజి పోయేదాకా నానబెట్టి, ఉతికి, ఎండకు వేసేది. ఎండాక కళ్లు మూసుకుని చెంపకు రాసుకునేది. గరుకుగా ఉంటే పక్కన పడేసేది, ఎంత మంచి రంగైనా సరే. గుండీలు పెట్టేది కాదు, వెనక కట్టుకోవడానికి నాడాలే. కుట్లన్నీ బయటివైపు ఉంచేది. మొదటిసారి చూసి నేను భయపడిపోయాను.

"వదినె, తిరగేసి కుట్టినవు గదనే! మంది నవ్వరా?"

"నవ్వనీ. మంది బయట నుంచి చూస్తరు, బిడ్డ లోపట ఉంటది. కుట్టు ఎవలికి ఒరుసుకోవాలె చెప్పు?"

నేను అన్నిటికీ భయపడతాను. మబ్బు పడితే భయం, పడకపోతే భయం. కాజీపేటకు పోయిన మనిషి చెప్పిన బండికి రాకపోతే నేను గేటు పట్టుకుని నిలబడతాను. అట్లా నిలబడ్డప్పుడు వదినె గోడ మీద మోచేతులు ఆనించి, "ఆ గేటును ఇడిసిపెట్టే, ఊడి నీ మీదనే పడతది" అనేది. నవ్వొచ్చేది. నవ్వితే భయం కొంచెం దిగేది. ఆ కొంచెం కోసమే ఆమె దగ్గరికి పోయేదాన్నని ఇప్పుడు తెలుస్తున్నది.

మా మనుమరాలికి ఇప్పుడు ఏడో నెల. కానుపుకు నా దగ్గరే ఉంది. ఇంతకు ముందు ఒకసారి ఎనిమిదో నెలలో బిడ్డ దక్కలేదు. అప్పుడు దాని పెనిమిటి సంబురపడి ముందే టోపీలు, మేజోళ్లు, ఊయల పరుపు అన్నీ కొని తెచ్చాడు. బిడ్డ ఇంటికి రాకముందే బట్టలు ఇంటికి రాకూడదని మా వైపు పట్టింపు. ఆ పిల్లవాడిని ఏమనగలను? దవాఖాన నుంచి మేము ఉత్త చేతులతో వచ్చేసరికి ఆ సామానంతా ఇంట్లో కనబడలేదు. వదినె తీసుకుపోయింది. ఎక్కడ పెట్టిందో చెప్పలేదు, నేను అడగలేదు.

అందుకే ఈసారి ఇంట్లోకి దారపుపోగు కూడా రానియ్యలేదు. వదినె మాత్రం ఊరుకోలేదు.

"ఒక్క అంగీ కుడతనే. మొదటి పూట పిల్లకు ఏం తొడుగుతవు, నీ కొంగా?"

"వద్దు వదినె. నీ కాళ్లు మొక్కుత."

"ఇది కొత్త బట్ట కాదు గద. ఒకరికి కోసినంక మిగిలింది. మిగిలిన గుడ్డను దిష్టి ఏం పట్టించుకుంటది? దానికేం పనిలేదా?"

మనుమరాలు నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. అది చూసి ఒప్పుకున్నాను. "ఒక్కటే. ఒక్కటంటే ఒక్కటే" అన్నాను. "సరే తీ" అన్నది.

అప్పటికే ఆమెకు ఊపిరి ఆడటం లేదు. నాలుగు అడుగులు వేస్తే గోడ పట్టుకునేది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకుని ఇంటికి పంపించారు. మిషన్ తొక్కే శక్తి పోయింది. మంచం మీదే కూర్చుని కత్తెర ఆడించేది. "పండుకో వదినె" అంటే, "కోసుడు అయిపోతే కుట్టుడు ఎంతసేపు" అనేది. నేను పక్కన కూర్చుని విసనకర్ర విసిరేదాన్ని. గాలికి ముక్కలు కదులుతున్నాయని దానికి కూడా కోప్పడేది. ఇంకేం చేయగలిగాను? ఆమె గాలి కోసం తన్నుకులాడుతుంటే నా దగ్గర ఉన్నది విసనకర్ర ఒక్కటే.

దినాలు అయిపోయాక కోడలు ఒక పాత తువ్వాలు మూట తెచ్చింది. "అత్తమ్మా, ఇది మీకియ్యమన్నది" అని అరుగు మీద పెట్టింది. నేను ముట్టలేదు. పోయిన మనిషి కోసిన గుడ్డ పుట్టబోయే బిడ్డకు తొడగొచ్చా? ఒకామె తప్పులేదన్నది. ఇంకొకామె పారే నీళ్లలో వదిలిపెట్టమన్నది. ఇట్లాంటివి అడగాలంటే నేను అడిగేది వదినెనే. మూట అట్లాగే అరుగు మీద ఉండిపోయింది.

మనుమరాలే లోపలికి తెచ్చి ముడి విప్పింది. "నా బిడ్డకు పెట్టిపోయింది అమ్మమ్మా. నువ్వు నీళ్లల్ల ఇడుస్తవా?" అన్నది.

ముక్కలన్నీ మంచం మీద పరిచాం. ఒకటి గళ్లది, ఒకటి పూలది, ఒకటి తెల్లది. వదినె ఏ అంగీ అయినా రకరకాల రంగు ముక్కలు కలిపే కుట్టేది కాబట్టి రంగు చూసి పోల్చుకోలేం. చేతి ముక్క తెచ్చి చంక దగ్గర పెడితే సరిపోలేదు. ముందు భాగం మీద వెనక భాగం పెడితే బెత్తెడు ఎక్కువ వచ్చింది. మెడ ఒకటి ఇంత చిన్నగా, ఒకటి అంత పెద్దగా ఉంది. చివరికొచ్చేసరికి వదినెకు చేతి అంచనా కూడా పోయిందనుకున్నాను. ఆ అంచనాతోనే బతికిన మనిషి. అప్పుడు ఏడ్చాను, ఆమె పోయిననాడు ఏడవనంత.

మనుమరాలు మాత్రం ముక్కలను కలపడం మానేసి, చిన్నవి ఒక దిక్కు, వాటికంటే పెద్దవి ఒక దిక్కు జరుపుతూ పోయింది. కాసేపటికి చెయ్యి ఆపింది.

"అమ్మమ్మా, ఇవి ఒక్క అంగీయి కావు. ఇగో, ఇది పుట్టంగనె. ఇది కూసునేటప్పటిది. ఇది..." పెద్ద ముక్కను తన పొట్ట మీద పెట్టుకుని చూసింది. "ఇది నడిసేటప్పటిది."

ఒక్కటే అని చెప్పాను కదా. సరే అన్నది కదా. బతికి ఉంటే గోడ ఎక్కి పోట్లాడేదాన్ని. బిడ్డ కూర్చునే నాటికి, నడిచే నాటికి తను ఉండదని తెలిసే ముందుగానే అన్నీ కోసి పెట్టింది. బిడ్డ మాత్రం ఉంటుందని ఆమెకు అంత గట్టిగా ఎట్లా తెలిసింది? నాకైతే బిడ్డ పుట్టే పూటే కళ్ల ముందుకు రావడం లేదు. నడిచే అంగీని ఎట్లా చూడను?

నాకు కుట్టడం రాదు. దర్జీకి ఇద్దామంటే ముందే కుట్టించినట్టవుతుంది. మూట కట్టి దాచేద్దామంటే, దాచడానికి కూడా చెయ్యి రావడం లేదు. మనుమరాలు నడుము నొప్పని ఇక్కడే పక్క మంచం మీద పడుకుంది. ముక్కలు ఈ మంచం మీద మూడు వరుసల్లో ఉన్నాయి. దానికి ఉక్కపోస్తుందని ఫ్యాన్ ఆపలేదు. ఆ గాలికి ముక్కలు ఒక్కొక్కటిగా లేస్తున్నాయి. మంచం పక్కన కూర్చుని చిన్న అంగీ మీద ఒక చెయ్యి, నడుమ అంగీ మీద ఒక చెయ్యి పెట్టాను. పెద్దదాని అంచు లేస్తున్నది, పడుతున్నది. దాని మీద పెట్టడానికి నాకు ఇంకో చెయ్యి లేదు.