ఒంటి రెక్క దేవదూతలు

ధర్మవరం వీధుల్లో ఖాజా హుస్సేన్ వస్తున్నాడంటే ముందు నోరు వస్తుంది, తర్వాత మోపెడ్ వస్తుంది, ఆ తర్వాత దూది మూటల మధ్య ఎక్కడో ఆ మనిషి కనిపిస్తాడు. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కొత్తవాటిలా కుట్టివ్వడం ఆయన పని. తాత చేసిన పని, తండ్రి చేసిన పని. ఎక్కడ బండి ఆపినా సొంత డప్పు కాసేపు కొట్టుకోకుండా బేరం మొదలుపెట్టడు. ఒకసారి మా ఇంటి ముందే అన్నాడు: "కొత్తచెరువులో ఒక ముసలాయప్పకు పరుపు కుట్టిచ్చినా మేడమ్. ఆ పొద్దు పండుకున్నాడు, ఇంతవరకూ లెయ్యనంటాండాడు." పాపం, ఆ పెద్దాయనకు కాళ్లు పడిపోయాయని తర్వాత తెలిసింది.

నేను ఆ ఊరి మిషన్ స్కూల్లో మూడో తరగతి టీచర్ని. పేరు పద్మప్రియ. పిల్లలు చాటుగా అగ్గిపెట్టె మేడమ్ అంటారు, కాదనను. ఖాజా హుస్సేన్ కూతురు ఫరీన్ నా క్లాసే. ఇంట్లో ఉన్న మాటలన్నీ తండ్రే వాడేస్తాడేమో, ఆ పిల్లకు ఏమీ మిగల్లేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుందే గాని నోరు విప్పదు. అలాంటి పిల్ల, క్రిస్మస్ నాటకానికి వేషాలు పంచుతుంటే తనంతట తాను లేచి నిలబడింది. నాటకంలో దేవదూత గొర్రెల కాపరులతో "భయపడకండి, మీకు మంచి కబురు తెచ్చాను" అనాలి. ఈ మాట ఎవరు చెబుతారని అడిగాను. ఫరీన్ కళ్లు గట్టిగా మూసుకుని, పిడికిళ్లు బిగించి, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. క్లాసంతా నోరెళ్లబెట్టింది. నేనూ వెళ్లబెట్టాను. ఆ వేషం నీదేనమ్మా అని అప్పుడే చెప్పేశాను.

దేవదూతలు ఇద్దరు. పశువుల తొట్టికి చెరో పక్కన నిలబడాలి. రెండో దూత అరుణజ్యోతి, శ్రీరంగప్ప కూతురు. శ్రీరంగప్ప పట్టుచీరలు నేస్తాడు. ఆయన ఇల్లూ ఖాజా హుస్సేన్ ఇల్లూ ఒకే సందులో గోడకు గోడ. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదివినవాళ్లు. అప్పటి నుంచీ ఒకరి గొప్ప ఒకరికి గిట్టదు.

తెల్ల గౌను, అట్టముక్క రెక్కలు చాలని స్కూలు నడిపే సిస్టర్ గారు తల్లిదండ్రులందరికీ చెప్పారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తూర్పు నుంచి వచ్చే ముగ్గురు జ్ఞానుల్లో ఒకడు మా ఓబిలేష్. వాళ్ల నాయన నాటకాల సామాన్లు బాడుగకిచ్చే అంగడికి వెళ్లి రాజు డ్రెస్సు అని అడిగాడట, వాళ్లు దుర్యోధనుడి డ్రెస్సు కట్టిచ్చారు. పిల్లవాడు అద్దాల కిరీటం, నల్ల మీసం, భుజాన గదతో బాలయేసును చూడ్డానికి వచ్చాడు. ఆ గద చూసి మిగతా ఇద్దరు జ్ఞానుల తల్లులూ తమ పిల్లలకూ గదలు కావాలని పట్టుబట్టారు. ఆ వారమంతా నాకు తలనొప్పి మాత్రలే టిఫినయ్యాయి.

ఇక మన సందులోకి వద్దాం. శ్రీరంగప్ప కూతురి గౌను కోసం మగ్గం మీద తెల్లపట్టు, జరీ అంచుతో ప్రత్యేకంగా ఒక ముక్క నేశాడు. దాన్ని రోజూ సాయంత్రం వాకిట్లో ఆరేసేవాడు. తడవని గుడ్డను ఆరేయడం ఎందుకో సందులో అందరికీ తెలుసు. అది చూసిన ఖాజా హుస్సేన్ నా దగ్గరికి వచ్చి, "గౌనుదేముంది మేడమ్, అమ్మోరికి కూడా చీర కడతారు. దేవదూతకు రెక్కలు గదా ముక్యం! చూస్తాండండి" అన్నాడు.

చూశాను. రిహార్సల్ రోజున ఫరీన్ నడిచి రాలేదు, రెక్కలు నడిచి వచ్చాయి. మంచి పత్తి కుక్కికుక్కి నింపి, దూది జరగకుండా పరుపుకు వేసినట్టే మధ్యమధ్యలో ముడులు వేసి, అంచులకు గట్టి కుట్టు కుట్టాడు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. ముప్పై ఏళ్లు చెక్కుచెదరని రెక్కలు! తండ్రి గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, శ్రీరంగప్ప ముఖం ఎప్పుడు వాడుతుందా అని చూస్తున్నాడు.

స్టేజీ పక్క తలుపులో రెక్కలు పట్టలేదు. పక్కకు తిప్పి తోశాం. పిల్ల రెండు అడుగులు వేసింది, మూడో అడుగుకు బరువు వెనక్కి లాగింది, ధబ్బున వెల్లకిలా పడిపోయింది. పరుపు మీద పడింది కాబట్టి దెబ్బ తగల్లేదు. కాళ్లూ చేతులూ ఆడిస్తోంది గాని లేవలేకపోతోంది. హాల్లో పిల్లలు ఒక్కసారిగా గొల్లుమన్నారు. నేను వెళ్లి లేపేసరికి ఫరీన్ ఏడవలేదు. పెదాలు రెండూ లోపలికి మడిచేసుకుంది. నీ మాట చెప్పమ్మా అంటే తల అడ్డంగా ఊపింది.

మనవరాలిని తీసుకుపోవడానికి వచ్చిన గౌస్‌బీ, అంటే ఖాజా హుస్సేన్ తల్లి, అంతా చూసింది. రెక్కలు ఊడదీసి, చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, కొడుకు ముందు ఆగింది.

"బిడ్డకు రెక్కలు కుట్టరా అంటే పరుపు కుట్టినావు కదరా! ఎగరాల్సిన బిడ్డను పండబెట్టినావు."

తర్వాత మూడు రిహార్సల్సులోనూ ఫరీన్ పెదవి విప్పలేదు. ఆ మాట జ్యోతికి ఇచ్చేయమని సిస్టర్ గారు అన్నారు. అందులో తప్పేముంది? నాటకం ఆగకూడదు కదా. కానీ ఆ పిల్ల జీవితంలో మొదటిసారి లేచి నిలబడి అడిగి తీసుకున్న మాట అది. దాన్ని తీసేస్తే మళ్లీ ఎప్పుడు లేస్తుంది? తండ్రితో మాట్లాడదామని ఆదివారం పొద్దున వాళ్ల ఇంటికి వెళ్లాను.

సందు మొదట్లోనే వినబడింది. టంయ్... టంయ్... టంయ్. తంబూరా తీగను ఎవరో కోపంగా మీటుతున్నట్టు. వాకిట్లో అడుగుపెట్టి ఆగిపోయాను. ఇప్పుడు దూది ఏకడానికి మిషన్లున్నాయి. ఖాజా హుస్సేన్ వాడేదీ మిషనే. ఆయన తండ్రి దూది ఏకడానికి వాడిన నిలువెత్తు విల్లు మాత్రం ఇంట్లో గోడకు వేలాడుతూ ఉంటుంది. పండగనాడు గౌస్‌బీ దానికి సాంబ్రాణి పొగ వేస్తుంది, అంతే. ఆ విల్లు ఇవాళ కిందికి దిగింది. రెక్కలు కుట్లు విప్పేసి ఉన్నాయి. ఖాజా హుస్సేన్ మోకాలి మీద కూర్చుని, విల్లు నారిని దూది కుప్పలో పెట్టి కొయ్యగుండుతో కొడుతున్నాడు. కొట్టినప్పుడల్లా ఆ ముద్ద దూది ఉలిక్కిపడి విడిపోతోంది, పొరలుగా లేస్తోంది, పొగలాగా పైకి పోతోంది. ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకున్నాడు. ఆయన మాట్లాడకుండా పని చేయడం నేను చూడ్డం అదే మొదలు. ఆ పొగ మధ్యలో ఫరీన్ కూర్చుని తల పైకెత్తి చూస్తోంది. కనురెప్పల మీద కూడా దూది వాలింది. మడిచేసుకున్న పెదాలు ఎప్పుడు విడిపోయాయో, నోరు తెరుచుకుని ఉంది. నేను వచ్చిన పని మర్చిపోయాను. మీకేం చెప్పను, అదే దూది! మొన్న పిల్లను నేలకు పడేసిన దూదే. ఇప్పుడు దానికి బరువన్నదే లేదు.

"ఏమప్పా ఖాజా! తలకాయ ఉండాదా నీకు?"

శ్రీరంగప్ప చేతిలో పట్టుపోగులు పట్టుకుని, వీరభద్రుడిలా లోపలికి వచ్చాడు. నేతగాళ్లు పొద్దున పూట సందు పొడవునా పోగులు సాగదీసి పడుగు సరిచేసుకుంటారు. గోడ దాటిన దూది అంతా వెళ్లి ఆ పడుగు మీద పడింది.

"చూడు, నీ దూది నా పోగులకు ఎట్ల అతుక్కోనుండాదో! దులిపినా పోదు. ఊపినా పోదు. ఎవడు గిల్లల్ల దీన్ని?"

పోగులు రెండు చేతులా సాగదీసి ఖాజా హుస్సేన్ ముఖం ముందు పెట్టాడు. సన్నటి తెల్ల పోగులు, వాటి మీద వరుసగా దూది. కింద పడటం లేదు. పొద్దుటి వెలుతురు వాటి గుండా ఇవతలికి వస్తోంది. ఖాజా హుస్సేన్ మూతి గుడ్డ కిందికి లాగాడు. తిట్టడానికే అనుకున్నాను. తిట్టలేదు. ఆ పోగుల వైపు చూస్తూ ఉండిపోయాడు. శ్రీరంగప్ప కూడా తాను పట్టుకున్నదాన్ని తానే అప్పుడే చూసినట్టు చూశాడు.

"రంగా," అన్నాడు ఖాజా హుస్సేన్ మెల్లగా. "పడుగు కొస మిగిలినవి ఏమన్నా ఉండాయా?"

శ్రీరంగప్ప ఇంటికి వెళ్లి, చీర కోసేశాక మగ్గం మీద మిగిలిన పోగుల కట్ట తెచ్చాడు. వెదురు బద్దలు వంచి రెక్కల ఆకారం కట్టారు. శ్రీరంగప్ప వాటికి అడ్డంగా పోగులు బిగించాడు. ఖాజా హుస్సేన్ దూదిని చేత్తో పెట్టలేదు. రెక్కను ఎదురుగా నిలబెట్టి విల్లు మోగించాడు. లేచిన దూది తనంతట తానే వచ్చి పోగుల మీద వాలింది. పొర మీద పొర. గౌస్‌బీ ఒక మూల నిలబడి, "మీ నాయన ఉండింటే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఊపిరి కూడా జాగ్రత్తగా పీల్చాను. రెక్క ఎగిరిపోతుందేమోనని నిజంగా భయమేసింది.

కథ ఇక్కడితో సుఖాంతమైతే వాళ్లిద్దరూ ధర్మవరం వాళ్లెందుకవుతారు? పోగులు ఒక్క జతకే సరిపోయాయి.

"పోగులు నావి. మా జ్యోతికి కట్టల్ల."

"దూది యాడిదప్పా? మీ మగ్గంలో కాసిందా?"

"పోగులు లేకుంటే నీ దూది యాడ నిల్చుంటాది?"

"దూది లేకుంటే నీ పోగులు గోచి కట్టుకోనీకి కూడా పనికిరావు!"

నాటకం రోజు సాయంత్రం మైదానంలో వేసిన స్టేజీ వెనక కూడా ఇదే పంచాయితీ. అవతల మైకులో పేర్లు పిలుస్తున్నారు. నాకు ఎక్కడ లేని మంట పుట్టింది. రెక్కల జతను ఇద్దరి చేతుల్లోంచీ లాక్కుని, ఎడమ రెక్క ఫరీన్‌కు, కుడి రెక్క జ్యోతికి కట్టేశాను.

"నోరెత్తారంటే రెండూ పొయ్యిలో పెడతాను. పోయి కూర్చోండి!"

కోపంతో చేసిన పని. దాంట్లో అందం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. తెర లేచాక చూశాను. తొట్టికి ఎడమ పక్క ఒక పిల్ల, కుడి పక్క ఒక పిల్ల, చెరో రెక్క. దూరం నుంచి చూస్తే ఆ పశువుల తొట్టికే రెక్కలు మొలిచినట్టున్నాయి. మైదానం నిండా ఉన్న జనంలో వేరుశనగ గింజలు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది.

కాపరులు వచ్చి మోకరించారు. ఇప్పుడు ఫరీన్ మాట. కళ్లు గట్టిగా మూసుకుంది. పెదాలు లోపలికి వెళ్లాయి. పక్క తెర వెనక నుంచి నేను మాట అందించాను. పలకలేదు. మళ్లీ అందించాను. అవతలి నుంచి జ్యోతి నా వైపు చూసింది, నేను చెప్పనా అన్నట్టు. ముందు వరసలో ఖాజా హుస్సేన్ సగం లేచి నిలబడ్డాడు.

అప్పుడు గాలి వచ్చింది. డిసెంబరులో మా ఎండిన చేల మీద అడ్డూ ఆపూ లేకుండా వచ్చే గాలి. రెండు రెక్కలూ ఒక్కసారి వణికాయి. దూది లేచింది. వాన మొహం చూసి ఎన్నాళ్లయిందో ఆ నేల. అక్కడ తెల్లగా, చప్పుడు లేకుండా, ఆకాశం పొరలు పొరలుగా విడిపోయి దిగుతున్నట్టు దూది జనం మీదికి దిగింది. ఎవరూ కదల్లేదు. పెద్దవాళ్లు పిల్లల్లా అరచేతులు చాపారు. స్టేజీ మీద గొర్రెపిల్ల వేషం వేసిన బుడ్డోడు మాత్రం హడలిపోయి ఏడుపు లంకించుకున్నాడు.

ఆ ఏడుపుకు ఫరీన్ కళ్లు తెరిచింది. వాడి వైపు వంగింది.

"భయపడాకప్పా," అంది. మైకు పట్టుకుంది ఆ మాటను. "ఏం కాదు. అది మా నాయన దూది."

తర్వాత తలెత్తి, కళ్లు తెరిచే, జనం వైపు చూసి గట్టిగా చెప్పింది. "ఎవురూ భయపడాకండి. మీకందరికీ మంచి కబురు తెచ్చినా!"

నేను రాసిచ్చిన మాట అది కాదు. నేను రాసిచ్చిన మాటకు ఎవరూ కన్నీళ్లు పెట్టుకోరు. దుర్యోధనుడు సైతం గద కింద పెట్టి ముక్కు తుడుచుకున్నాడు.

నాటకం అయిపోయే సరికి రెక్కల మీద దూది లేదు, పట్టుపోగులే మిగిలాయి. ముందు వరసలో శ్రీరంగప్ప పక్కకు తిరిగి, "చెప్పినాది గదప్పా మీ పాప" అన్నాడు. ఖాజా హుస్సేన్ జవాబివ్వాలని నోరు తెరిచాడు. మాట రాలేదు. తల మీద, మీసాల మీద పడిన దూదిని ఇద్దరిలో ఎవరూ దులుపుకోలేదు. అలాగే ఇంటికి నడిచి వెళ్లారు.