గట్టు సాళ్ల కంకులు

ఎమ్మిగనూరు దారి పక్కన మా చేనికి చుట్టూ నాన్న జొన్న సాళ్లు వేసేవాడు. గట్టు సాళ్ల కంకులు దారిన పోయేవాళ్లవి. అడగనక్కర్లేదు, పాలకంకి తుంచుకుని నలుపుకుంటూ పోవచ్చు. నాన్న పురుగుమందుల జోలికి పోయేవాడు కాదు. గొర్రెల మంద పెట్టించి, పెంట ఎరువు తోలించి కొర్ర, వేరుశనగ పండించేవాడు.

ఎనభైల మొదట్లో మాకు పడమటి పక్క చేనాయన, నేను అన్నా అని పిలిచే మనిషి, సంకర పత్తి వేశాడు. వారం తిరక్కముందే మందు పంపు భుజానికెత్తుకునేవాడు. గాలేమో పడమటిది, జనం నడిచే గట్టూ ఆ వైపుదే. మందు లోపలికి రాకుండా ఆ వైపు నాన్న జొన్న మరింత ఒత్తుగా వేశాడు. జొన్న మందును ఆపింది, ఆపి తన మీదే పెట్టుకుంది. లోపలి పంట బాగానే ఉంది. దారిన పోయేవాళ్లు తినే కంకులే మందు వాసన కొట్టాయి.

తినొద్దని చెప్పడానికి నాన్నకు నోరు రాలేదు. నోటి దురుసుదాన్ని కాబట్టి కాపలా నాకు పడింది. కాలు నిలిచేది కాదు. మనిషి కనపడితే పరిగెత్తేదాన్ని, కనపడకపోతే నా కళ్లుగప్పి ఎవరు తుంచుకుపోయారోనని దిగులు. తండ్రి పెడుతుంటే బిడ్డకు కడుపుమంట అని గొణుక్కుంటూ పోయారు కొందరు. నాన్న ఆ గట్టు మీద నడవడమే మానేశాడు.

పోయి అన్నతో గొడవపడ్డాను.

"నా చేన్లో నేను కొట్టుకుంటాండా. గాలికి నేను కాపలానా?" అన్నాడు.

ఒకరోజు ఆయన తల్లి కొడుక్కి సంగటి తీసుకుని వచ్చింది. మేమంతా జేజి అని పిలిచేవాళ్లం. పళ్లు లేని మనిషి, పాలకంకులంటే ప్రాణం. చెయ్యి చాపగానే పట్టుకున్నాను.

"వద్దు జేజీ. నీ కొడుకు కొట్టిన మందు దీని మీద ఉండాది."

ఆమె వంగి కంకి వాసన చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

మళ్లీ మందు కొట్టే రోజు కొడుకు కంటే ముందే వచ్చి మా జొన్న మొదట్లో కూర్చుంది. లెయ్యమని ఆయన ఎంత అరిచినా కదల్లేదు.

"గాలి ఈ పక్కకే వస్తాండాది. కొట్టప్పా" అంది.

ఆయన పంపు మోసుకుని అటు కొసకు పోయాడు. మా దిక్కునున్న ఆయన పత్తి సాళ్లకు మందు పడలేదు. ఆ పంటకాలమంతా ఆమె అట్లాగే వచ్చి కూర్చుంది. ఆ సాళ్ల పత్తిని పురుగు తినేసింది. మరుసటేడు ఆయన అక్కడ పత్తి మాని కంది వేసుకున్నాడు.

ఆ ఏడు తొలి పాలకంకి నాన్న తుంచి జేజి చేతికిచ్చాడు. ఆమె తినలేదు. నా ముక్కు దగ్గర పెట్టింది.

"నువ్వు సెప్పు పాపా. తినల్లనా?"

పచ్చి జొన్న వాసన తప్ప ఇంకేమీ లేదు. నాకు ఏడుపొచ్చింది.

"తిను జేజీ" అన్నాను.